ఎక్కడికని అడగని రిజిస్టరు

సముద్రం మీదికి పోయే మనిషిని ఎక్కడికని అడగకూడదు. తవిటమ్మ పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే. ఆమె తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చినప్పుడు వలలతో పాటు ఈ పద్ధతినీ మూటగట్టుకొచ్చారు. ఎక్కడికని అడిగితే ఎదురొచ్చి దారికి అడ్డం నిలబడినట్టే. మరీ మనసాగకపోతే "దూరమా?" అని ఒక్కమాట అనొచ్చు. వెళ్లేవాడు "ఊఁ" అంటాడు. రట్లాండ్ దీవి వైపు వెళ్లినా ఆ ఊఁయే, నీల్ దీవి వైపు వెళ్లినా ఆ ఊఁయే.

రెండువేల నాలుగు డిసెంబరు ఇరవయ్యయిదు శనివారం పొద్దున మొగుడు నూకన్న బయల్దేరుతుంటే తవిటమ్మ రెండు రోజుల బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు సంచిలో పెట్టిచ్చింది. "దూరమా?" అంది. "ఊఁ" అని తన చిన్న ఇంజను పడవ, డింగీ ఎక్కేశాడు. తోడు ఇంకో ఇద్దరు ఉన్నారు. మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది, ఆ వెనకే నీళ్లొచ్చాయి. ఆమె కట్టుబట్టలతో గుట్టెక్కి బతికింది.

ఐదో రోజున, బడిలో పెట్టిన క్యాంపులో, పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర ఆమె వంతు వచ్చింది. రాసేవాడు రాత్రీ పగలూ రాసి రాసి కళ్లు ఎర్రబడి ఉన్నాడు.

"మీ ఆయన కిధర్ గయా థా? ఎటు వెళ్లాడు?"

"మాలూమ్ నహీ సాబ్."

అతను తలెత్తి చూశాడు. కసురుకోలేదు, నమ్మలేకపోయాడు. "భార్యవి కదమ్మా, నీకూ తెలీదా?"

ఆ నెలలో డింగీలు ఎక్కువగా రట్లాండ్ వైపు వెళ్తున్నాయని వరసలో నిలబడ్డవాళ్లెవరో అన్నారు. అదే రాసుకున్నాడు. వెతికేవాళ్లు అటే వెళ్లారు.

కాలు విరిగి హేవ్‌లాక్ దీవిలో చిక్కుకుపోయిన నాగరాజు నెల తర్వాత కర్రల మీద నడుచుకుంటూ క్యాంపుకొచ్చాడు. అతను నూకన్నకి తమ్ముడి వరస. తవిటమ్మని చూసి నేలమీద కూలబడ్డాడు. "శనివారం సాయింత్రం నీల్ పక్కన ఒడ్డుకి దగ్గరగా లంగరేసున్నారు వదినా. నన్ను సూసి సెయ్యూపేడు అన్న," అన్నాడు.

అటువైపు వెతికినా నూకన్న బతికుండేవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ నీటి బలం కళ్లారా చూసింది. కానీ ఏ చెక్క పట్టుకునో ఒక పూటంతా, ఎవరో ఒకరు వస్తారని చూసుంటాడేమో. ఆ 'ఏమో' ఒకటి ఆమెకి మిగిలిపోయింది. అన్నం తింటుంటే వచ్చేది. రేకుల షెల్టరులో మధ్యాహ్నం పూట ఎండ సెగకి వొళ్లు కాలుతుంటే అప్పుడూ వచ్చేది.

రెండేళ్లు గడిచాయి. పడవలు పోయినవాళ్లకి కొత్త డింగీలొచ్చాయి. జెట్టీ దగ్గర పన్నెండు డింగీలతో సొసైటీ ఒకటి పెట్టారు. దానికి మేనేజరుగా వచ్చినవాడు గోపీచంద్. డైరీ ఫార్మ్ అనే పేటలో కిరాణా కొట్టు వాళ్లబ్బాయి. ఇంకా ముప్పయ్యేళ్లు లేవు. విశాఖపట్నంలో ఎంబీయే చదివొచ్చాడు. మంచివాడే. పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసు తాళం తీసేవాడు, చేప వాసనకి ముక్కు మూసుకునేవాడు కాదు.

అతను పెట్టిన మొదటి నియమం బయల్దేరే పడవల రిజిస్టరు. పడవ నంబరు, మనుషుల పేర్లు, ఏ వైపు వెళ్తున్నారు, తిరిగొచ్చిన టైము. ఇంకోసారి ఉపద్రవం వస్తే ఎవరెక్కడున్నారో తెలియాలన్నది అతని ఉద్దేశం. ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు.

రాయడానికి పెట్టిన మొదటి మనిషి మూడోరోజున "కిధర్ జా రహే హో భయ్యా?" అని జెట్టీ అంచున నిలబడి గట్టిగా అడిగాడు. ఆ రోజు మూడు డింగీల వాళ్లు ఇంజన్ ఆపేసి ఇళ్లకెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి పడుకున్నారు. రెండో మనిషి తెలివైనవాడు. అసలు అడగడమే మానేసి, 'ఏ వైపు' అన్న గడిలో నెలంతా 'సముద్రం' అని రాశాడు.

అప్పుడు గోపీచంద్ తవిటమ్మని పిలిపించాడు. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది. అప్పటికి షెల్టరు వదిలి డాలీగంజ్‌లో ఒక గది తీసుకుని, ఎండుచేపలు అమ్ముకుంటూ ఉంది.

"దీదీ, మీరు వాళ్ల మనిషి. మీకైతే చెప్తారు. మూడు నెలలు చూద్దాం. అప్పటికీ నిండకపోతే ఈ రిజిస్టరే ఎత్తేస్తామంటున్నారు కమిటీవాళ్లు."

ఎత్తేస్తారన్న మాట ఆమెకి గుండెలో గుచ్చుకుంది. ఇంకో ఆడది ఇంకో టేబుల్ ముందు నిలబడి తెలీదు సాబ్ అనకూడదు. ఆ ఒక్కదానికే ఒప్పుకుంది.

తీరా మొదటి రోజు పెన్ను చేతిలోకి తీసుకున్నాక ఆ మాట నోటికి రాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అడగని మాట ఈ రోజు ఎలా అడుగుతుంది? పన్నెండు డింగీలూ ఆమె కళ్లముందే వెళ్లిపోయాయి. అందరికంటే పెద్దవాడు దాలయ్య, అరవై దాటిన మనిషి, తన డింగీ లోంచి తొంగిచూశాడు.

"ఏటే తవిటమ్మా, కాయితం తెల్లగుంది. ఉతికి ఆరేసినావా?"

జెట్టీ అంతా నవ్వింది. ఆమె కూడా తలొంచుకుని నవ్వింది.

నోరు రాకపోతే కళ్లున్నాయి కదా. వారం రోజుల్లో తవిటమ్మకి ఒక సంగతి తెలిసింది. ఎక్కడికెళ్తున్నాడో మనిషి చెప్పకపోయినా, పడవలోకి ఎక్కించే సామాను చెప్తుంది. రెండు ఐసు దిమ్మలైతే సాయంత్రానికి వచ్చేస్తారు. ఐదైతే రెండు రాత్రులు. పొట్టి తాడైతే ఒడ్డు వార, చుట్టలు చుట్టలుగా తాడుంటే లోతు. ఇసకలో పట్టే లంగరు వేరు. రాళ్లలో వేసేది వేరు, దానికి నాలుగు ఇనపచువ్వలు వంచి ఉంటాయి, రాతికి చిక్కుకున్నా గట్టిగా లాగితే చువ్వ సాగి ఊడొస్తుంది. ఏ లోతు ఏ దిక్కునుందో ఆ తీరంలో పుట్టినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. వీటికి గాలాల సైజు, డీజిలు క్యాన్లు కలుపుకుంటే తీసివేతలూ కూడికలూ చేసినంత సులువు. ఎవరినీ పల్లెత్తు మాట అడగకుండా ఆమె రిజిస్టరు నింపడం మొదలుపెట్టింది. సాయంత్రం దిగిన చేపల్ని చూసి తన రాత సరిచూసుకునేది. పదింట తొమ్మిది సరిపోయేవి.

గోపీచంద్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఎలా చెప్పించారు దీదీ?"

"రాసేనండి," అని ఊరుకుంది. చూసి రాస్తున్నానని చెప్పలేదు. అది ఆమె చేసిన పొరపాటు. అతని పొరపాటు అంతకంటే పెద్దది. వాళ్లంతా ఇష్టపడే చెప్తున్నారనుకున్నాడు. రెండు నెలల రాతలన్నీ తీసి ఒక పెద్ద అట్టమీద పటం గీసి, ఏ డింగీ ఎన్నిసార్లు ఎటువెళ్లిందో రంగురంగుల చుక్కలు అంటించి ఆఫీసు గోడకి తగిలించాడు. నలుగురికీ కనపడితే నలుగురూ సక్రమంగా ఉంటారని అతని చదువులో ఉంది.

నీటి అడుగున చేపలు చేరే రాయి ఎక్కడుందో తండ్రి కొడుక్కి చెప్తాడు. అల్లుడికి కూడా చెప్పడు. దాలయ్య ఎర్రచుక్కలు తొమ్మిది ఒకేచోట, తూర్పున లోతులో గుత్తిగా ఉన్నాయి. ఆ చోట ఎవరికీ తెలియని రాయి ఒకటుందని చంటిపిల్లాడికైనా అర్థమవుతుంది. నాగరాజుకి ఆ పూటే అర్థమైంది. మూడో రోజున దాలయ్య తన రాయి మీదికి వెళ్లేసరికి నాగరాజు డింగీ, దాని పక్కన ఇంకో రెండు డింగీలు గాలాలు వేసుకుని కూర్చున్నాయి.

దాలయ్య వెనక్కొచ్చి గోడమీద అట్ట చూశాడు. చదువు రాదు గానీ తన రంగు అతనికి తెలుసు. గోపీచంద్‌ని దాటుకుని తిన్నగా తవిటమ్మ ముందుకొచ్చాడు.

"నీతో సెప్పేనా నాను? సెప్పేనా?"

"నేదు మావా."

"మరి దొంగసూపు సూసినావన్నమాట. మొగుణ్ని ఎక్కడికని అడగలేదు గానీ, మా ఎనకాల కళ్లేసుకు తిరిగినావు!"

ఆమె రిజిస్టరు మూసి, పెన్ను దానిమీద పెట్టి, బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. రాకపోతే ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, వచ్చింది.

అప్పటికి అంతా మారిపోయింది. సామానంతా టార్పాలిన్ కింద ఎక్కుతోంది. దగ్గరికెళ్లేవాడు ఆమెకి కనపడేలా ఐదు దిమ్మలు ఎక్కించి, మలుపు తిరిగాక పక్క డింగీకి మార్చేస్తున్నాడు. దూరం వెళ్లేవాడు పొట్టి తాడు భుజానేసుకుని ఆమె ముందు నుంచి రెండుసార్లు నడుస్తున్నాడు. "రాసుకో వదినా, రాసుకో," అని నాగరాజు నవ్వుతున్నాడు. రిజిస్టరు రోజూ నిండుతూనే ఉంది. అందులో నిజం ఎంతో తవిటమ్మకే తెలీదు. ఖాళీ కాయితమే నయం, దాన్ని నమ్మి ఎవరూ తప్పుదారిన పోరు.

గోపీచంద్ అట్ట తీసేశాడు గానీ ఎవరి మనసులోంచీ అది దిగలేదు.

మే నెల చివర్లో ఒక మంగళవారం దాలయ్య డింగీ నలుగురితో వెళ్లింది. రెండు ఐసు దిమ్మలు, పొట్టి తాడు, ఇసక లంగరు అందరికీ కనపడ్డాయి. తవిటమ్మ 'రట్లాండ్ వార' అని రాసింది. సాయంత్రానికి రాలేదు. బుధవారం మధ్యాహ్నానికి గాలి తిరిగింది, నల్లగా వాన పట్టింది. అయినా రాలేదు.

గోపీచంద్ ఫోన్ దగ్గర నిలబడ్డాడు. "కోస్ట్‌గార్డువాళ్లు ఎటు వెళ్లాలని అడుగుతున్నారు దీదీ. రిజిస్టరులో రట్లాండ్ అనుంది. అదే చెప్పేయనా?"

రాసింది తన చేతిరాతే. ఆ గడిని చూస్తుంటే క్యాంపులో టేబులు, ఎర్రబడ్డ కళ్లు గుర్తొచ్చాయి. "ఒక్క అరగంట ఆగండి సార్, మీ స్కూటర్ మీద నన్ను తీసుకెళ్లండి," అంది.

దాలయ్య ఇల్లు ఆస్టినాబాద్‌లో. అతని భార్య పార్వతమ్మ గుమ్మంలో వాన చూస్తూ కూర్చుని ఉంది. తవిటమ్మని చూడగానే మొహం తిప్పుకుంది.

"అత్తా, మావ ఎటెల్లేడో..."

"నాకేటి తెలుసు? నువ్వడిగేవా నూకన్నని?"

"అడగనేదు. అందుకే ఒచ్చేను."

పార్వతమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తవిటమ్మ ఆమె పక్కన తడి గుమ్మంలోనే కూర్చుంది.

"ఎటెల్లేడో నాకొద్దత్తా. ఇంట్లో ఏటి నేదో అది సెప్పు."

ముసలామె ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత లేచి లోపలికెళ్లింది. మంచం కిందకి వంగి చూసింది. పెరట్లోకెళ్లి వానలోనే గోడవార వెతికింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"మంచం కింద లావుతాడు నేదు. రెండు చుట్టలూ నేవు. గోడకి సువ్వల లంగరుండేది, అదీ నేదు. రెండు దుప్పట్లు కూడా ఎట్టుకెల్లిపోయేడు."

లావుతాడు రెండు చుట్టలంటే లోతు. చువ్వల లంగరంటే రాయి. దుప్పట్లంటే రాత్రి ఉండేలా వెళ్లాడు. జెట్టీ మీద చూపించిందంతా వేషం. తూర్పు రాయిని నాగరాజు వాళ్లు పట్టేశారు కాబట్టి దాలయ్య దానికి ఇంకా అవతలికి వెళ్లుంటాడు.

"రట్లాండ్ కాదు సార్. తూర్పు. మీరు అట్ట మీద ఎర్రచుక్కలెట్టిన చోటికి ఇంకా అవతల."

గోపీచంద్‌కి ఆ గడి గుర్తొచ్చింది. "రిజిస్టరులో..."

"రిజిస్టరులో ఉన్నది వాళ్లు నాకు సూపించింది సార్. వాళ్లు సేసింది కాదు."

అతను ఆఫీసుకొచ్చి ఫోన్ చేశాడు. గురువారం పదకొండు గంటలకి డింగీని తాడుకట్టి లాక్కొచ్చారు. ఇంజను చెడిపోయి, లంగరు తెగి, కొట్టుకుపోతూ ఉండగా దొరికింది. నలుగురూ బతికున్నారు. దాలయ్య పెదాలు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి. జెట్టీ ఎక్కి తవిటమ్మ టేబుల్ దగ్గర ఆగాడు, తర్వాత పార్వతమ్మ భుజం పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం సొసైటీ మీటింగు. గోపీచంద్ లేచి నిలబడ్డాడు. రాసుకొచ్చిన కాయితం ఉంది గానీ చూడలేదు. "అట్ట తగిలించింది నేను. దీదీది కాదు తప్పు. మీరు దాచుకునేది గోడకెక్కిస్తే మీరు అబద్ధం ఆడక ఏం చేస్తారు? అది నాకు తట్టలేదు," అన్నాడు. తర్వాత ఏం చేయాలో అతనికీ తెలియక కూర్చున్నాడు.

మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పని తవిటమ్మ వెనక వరసలోంచి లేచింది. చీర కొంగు చుట్టూ కప్పుకుని, దాలయ్యనే చూస్తూ మాట్లాడింది.

"ఎక్కడికని నాను అడగను మావా. ఎప్పుడొస్తారని అడుగుతాను. అదడిగితే తప్పా?"

దాలయ్య తలెత్తాడు. "తప్పేటి? అదడిగితే మంచిదే. రమ్మన్నట్టే కదా."

"అయితే రిజిస్టరులో అదొక్కటే రాస్తాను. ఎటెల్లేరో మీరే ఒక కాయితం మీద రాసి, మడిసి, కవరు అంటించి నాకివ్వండి. రాయడం రాకపోతే మీ పిల్లలు రాస్తారు, హిందీలో రాసినా సరే. ఎప్పటికి రాకపోతే ఇప్పాలో మీరే సెప్పండి. ఆ టయానికి ముందు ఇప్పను. తిరిగొచ్చేక మీ కవరు మీరు ఎట్టుకెల్లిపోండి."

"మద్దిలో నువ్వు సదివేస్తే?" అన్నాడు నాగరాజు.

"అన్నం మెతుకుతో అంటించు. ఇప్పేనో నేదో అంటించినోడివి నీకే తెలుస్తది."

"ఈడి రాతకి మెతుకొకటి దండగ, ఎవుడు సదవగలడు?" అన్నారెవరో. నాగరాజుతో సహా అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున ఇద్దరే కవర్లిచ్చారు, ఒకటి దాలయ్యది. వారానికి ఏడయ్యాయి. నాగరాజు అందరికంటే చివర ఇచ్చాడు. కవరుకి మెతుకులు ఎన్ని పులిమాడో, అట్టలా బిగిసిపోయింది. "నాలుక్కి," అని విసిరినట్టు చెప్పి వెళ్లాడు.

ఆ రోజు రెండు గంటల నుంచే గాలి లేచింది. మూడుకి మిగతా డింగీలన్నీ వచ్చేశాయి. మూడున్నరకి గోపీచంద్ వచ్చి గడియారం చూసి, ఆమెని చూసి, "అరగంటే కదా దీదీ. ఇప్పుడే విప్పితే ముందే వెళ్తారు," అన్నాడు.

ఆ కవరు విప్పాలని జెట్టీ మీద అందరికంటే ఎక్కువగా ఉన్నది ఆమెకే. వేళ్లు దాని అంచు మీదే ఉన్నాయి. తెలియకపోవడం ఎలా ఉంటుందో ఆమె రెండేళ్లుగా మోస్తోంది. అయినా ఒక్కసారి ముందు విప్పితే రేపు పన్నెండు కవర్లూ రావు. వచ్చినా ఖాళీవి వస్తాయి.

"నాలుక్కని సెప్పేడు సార్," అంది.

దాలయ్య వచ్చి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బీడీ వెలిగించుకోవడానికి గాలిలో నాలుగు పుల్లలు పాడుచేశాడు.

సరిగ్గా నాలుగింటికి ఆమె కవరు చించింది. నాగరాజు కూతురి గుండ్రటి హిందీ అక్షరాలు రెండు లైన్లున్నాయి. దాలయ్య చూపు సముద్రం మీంచి తిప్పలేదు. ఆమె కాయితాన్ని అరచేత్తో మూసుకుని ఫోన్ దగ్గరికెళ్లి, రిసీవరులో చిన్నగా చోటు చెప్పింది. నాగరాజు చెప్పిన గంట అది. అంతకంటే ముందూ కాదు, వెనకా కాదు.

నాలుగూ ఇరవైకి నాగరాజు డింగీ వాన తెరలోంచి బయటపడింది. తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చాడు. టేబుల్ మీద చిరిగిన కవరు చూసి ఆగిపోయాడు.

"ఇప్పేసినావా?"

"నాలుగయ్యింది."

"ఎప్పుడు ఫోన్ సేసినావు?"

"నాలుగూ ఒకటికి."

"బయల్దేరిపోయేరా? నాకోసం?"

"బయల్దేరుతున్నారు. ఒచ్చేసేవని సెప్పాలిప్పుడు," అని ఆమె మళ్లీ రిసీవరు ఎత్తింది.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ నాగరాజు నీళ్లు కారుతూ అక్కడే నిలబడ్డాడు. ఆమె ఫోన్ పెట్టేశాక, కాయితం మడిచి అతని చేతిలో పెట్టింది.

"ఆ సోటు నీకు తెలిసిపోయింది వదినా."

"తెలిసింది."

అతను కాయితం వంకా ఆమె వంకా చూశాడు. కాయితం చొక్కా లోపల పెట్టుకుని ఐసు పెట్టె దింపడానికి వెళ్లాడు.

మర్నాడు తెల్లారి, లంగరెత్తే ముందు, నాగరాజే టేబుల్ దగ్గరికి నడిచొచ్చి కవరు పెట్టాడు. ఈసారి ఒకే ఒక్క మెతుకుతో అంటించాడు.

"ఎప్పుడొస్తావు మరిదీ?" అంది తవిటమ్మ, పెన్ను మూత తీస్తూ.

"మూడున్నరకి," అన్నాడు. "రాకపోతే ఎతుకు."